రాక్షసబల్లి పంపకాలు

మైలగుట్ట జిల్లాను రెండు చేసినప్పుడు ఊటవాగుకు అటూ ఇటూ టపాకాయలు కాల్చారు. వాగుకు ఇవతలి భాగం మైలగుట్ట జిల్లాగానే మిగిలింది. అవతలిది వాగునూరు జిల్లా అయింది. టపాకాయల పొగ చెదరకముందే ప్రభుత్వం ఉత్తర్వు పంపింది. ఉమ్మడి జిల్లాకు చెందిన ఏ ఆస్తీ అవిభక్తంగా మిగలరాదు. ప్రతిదాన్నీ జనాభా నిష్పత్తిలో, మైలగుట్టకు అరవై పాళ్ళు, వాగునూరుకు నలభై పాళ్ళు చొప్పున పంచవలెను.

ఉత్తర్వు రాసినవారి మనసులో జీపులూ బీరువాలూ ఉండి ఉంటాయి. కానీ ఉత్తర్వుతో పాటు వారి మనసు రాదు, మాటలే వస్తాయి. ఆ మాటలను అక్షరం పొల్లుపోకుండా అమలు చేయడానికి చక్రపాణి గారు ప్రత్యేకాధికారిగా వచ్చారు.

చక్రపాణి గారు నిజాయితీపరుడు. ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగేవారు కాదు. కలెక్టరాఫీసులో ఉన్న ఏకైక గోడగడియారాన్ని ఎలా పంచాలో ఎవరికీ తోచనప్పుడు, పగలు మైలగుట్టలో, రాత్రి వాగునూరులో ఉండేట్టు ఆయనే తీర్మానించారు. ఆఫీసు వేళ ముగియగానే అటెండరు గడియారాన్ని సైకిలుకు కట్టుకుని వాగు దాటేవాడు. రాత్రిపూట వాగునూరు ఆఫీసులో టైము చూసేవాళ్ళెవరూ లేరన్నది వేరే సంగతి. పంపకం మాత్రం న్యాయంగా జరిగింది.

ఇలా కుర్చీలూ, ఫ్యాన్లూ, టైపు మిషన్లూ పంచుకుంటూ వచ్చి, ఒక సోమవారం ఉదయం ఆయన శిలాజ ప్రదర్శనశాల గుమ్మం ఎక్కారు.

పాత తాలూకాఫీసు భవనంలో ఉండేది ఆ ప్రదర్శనశాల. దాని క్యూరేటర్ ఆకుల ప్రమోదిని. అక్కడికి బదిలీ అంటే శిక్ష అనుకునే రోజుల్లో వచ్చింది. వచ్చాక మళ్ళీ బదిలీ అడగలేదు. ఆమెను అక్కడ కట్టిపడేసింది హాలు నిండా నిలబడిన రాక్షసబల్లి అస్థిపంజరం. గోదావరి లోయ మట్టిలో కోట్ల ఏళ్ళు నిద్రపోయి, వాగునూరు దగ్గర బయటపడ్డ జంతువది. పొడుగాటి మెడ, అంతకంటే పొడుగాటి తోక, స్తంభాల్లాంటి కాళ్ళు. ఒళ్ళు చూస్తే కొండ, పళ్ళు చూస్తే చిన్న చెంచాలు. ఆకులు తిని బతికిన సాధుజీవి.

బడిపిల్లలు వస్తే ప్రమోదిని తిన్నగా దాని దగ్గరికి తీసుకుపోయేది కాదు. ముందుగా గుమ్మం పక్కన అద్దాల పెట్టెలో ఉన్న ఒక చదును తల జంతువు దగ్గర ఆపేది. రాక్షసబల్లులకంటే ముందు కాలానిది అది. నీళ్ళు వదిలి మొదట నేలమీదికి పాకిన జీవుల వంశంలోది.

"అందరూ పొట్టమీద పడుకోండి. ఇప్పుడు మోచేతుల మీద లేచి ముందుకు జరగండి. కష్టంగా ఉందా?"

"ఉంది మేడం!"

"వాటికీ అంతే కష్టమైంది. నీళ్ళలో ఒళ్ళు బరువు తెలియదు. ఒడ్డెక్కితేనే తెలుస్తుంది. అయినా ఎక్కాయి. అవి ఎక్కబట్టే మీరూ నేనూ ఇక్కడున్నాం."

ఆ తర్వాత పిల్లలు బట్టలు దులుపుకుంటూ పెద్ద హాల్లోకి వచ్చి, తలెత్తి చూసి, ఒక్కసారిగా నోరు మూసుకునేవాళ్ళు. ఆ నిశ్శబ్దం కోసమే ప్రమోదిని ఉద్యోగం చేసేది.

చక్రపాణి గారు మాత్రం తలెత్తలేదు. ఆయన చూపు జంతువుల పక్కనున్న చెక్కపలకల మీదే ఉంది. చదును తల జంతువు దగ్గర ఆగారు.

"ఇది ఏ శాఖ పరిధిలోనిదమ్మా?"

"శాఖ ఏముంటుంది సార్? కొంత నీళ్ళలో, కొంత ఒడ్డున బతికేది."

"నీళ్ళలో ఉన్నంతసేపు మత్స్యశాఖ. ఒడ్డెక్కిన తదుపరి పశుసంవర్ధక శాఖ. ఉభయ శాఖల నుంచీ నిరభ్యంతర పత్రాలు తెప్పించాలి."

తెప్పించారు కూడా. జంతువు ఒడ్డెక్కిన క్షణం నుంచి తమకు బాధ్యత లేదని మత్స్యశాఖ రాసింది. టీకాలు వేయించిన ఆధారాలు పంపితే పరిశీలిస్తామని పశుసంవర్ధక శాఖ రాసింది.

తర్వాతి బల్లమీద గుండ్రటి రాయి ఒకటి ఉంది. చక్రపాణి గారు దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూశారు.

"ఇదేమిటి?"

"పేడ సార్. రాయిగా మారిన పేడ."

ఆయన మర్యాదగా దాన్ని యథాస్థానంలో ఉంచి, చేతిరుమాలు తీశారు. "దీన్ని ఆస్తుల కింద చూపాలా, అప్పుల కింద చూపాలా?"

"జంతువు ఏం తిన్నదో దాంట్లోనే తెలుస్తుంది సార్."

"అయితే వ్యయం కింద చూపిద్దాం."

చివరికి అస్థిపంజరం ముందు నిలబడ్డారు. "ఇది చరాస్తా, స్థిరాస్తా?"

అటెండర్ ఓదెలు తుడుపుగుడ్డ భుజాన వేసుకుని అక్కడే ఉన్నాడు. "ఒకప్పుడు చరాస్తే సార్. సచ్చినంక స్థిరమైంది," అన్నాడు.

చక్రపాణి గారు దాన్ని హాస్యంగా తీసుకోలేదు. చరాస్తి అని రాయించుకున్నారు. "ఒకటే ఉందా?"

"ఒకటే సార్."

"రెండుంటే సులువయ్యేది."

"ఒకటి దొరకడమే అదృష్టం సార్. ఇంత నిండుగా దొరికినవి చాలా తక్కువ."

"నిండుగా ఉండడమే ఇక్కడ సమస్య. ఏ ఆస్తీ అవిభక్తంగా మిగలరాదని ఉత్తర్వు."

ఆయన ఏమంటున్నారో ప్రమోదినికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమెకు నవ్వు వచ్చింది. ఆయన ముఖం చూశాక ఆగిపోయింది. "దీనికి మినహాయింపు ఇవ్వండి సార్," అని బతిమాలింది.

"మినహాయింపు ఇచ్చే అధికారం నాకు లేదమ్మా. విభజించే అధికారమే ఉంది."

ఆ వారంలోనే సమావేశం పెట్టారు. మైలగుట్ట తరఫున పురపాలక చైర్మన్ భూమారావు, వాగునూరు తరఫున ఆ జిల్లా ప్రణాళికాధికారి జలంధర్ వచ్చారు. ప్రమోదినిని సాంకేతిక సలహాదారుగా పిలిచి చివరి కుర్చీలో కూర్చోబెట్టారు.

జలంధర్ కూర్చోకముందే మొదలుపెట్టాడు. "తల మాకే కావాలె. బొక్కలు దొరికింది మా మట్టిల. తవ్వింది మా తాతలు. ఇన్నేండ్లు మీ దగ్గర పెట్టుకుని సూసుకున్నరు, సాలదా?"

"తల ఇచ్చి మేమేం జేసుకోవాలె?" అన్నాడు భూమారావు. "తల లేని జంతువును ఎవడన్న పైసలిచ్చి సూస్తడా?"

"గదే మేమూ అంటున్నం!"

ప్రమోదిని లేచింది. ఎముకకూ ఎముకకూ ఉండే సంబంధం గురించి చెప్పింది. మెడ బరువును తోక ఎలా నిలబెడుతుందో, వెనక కాళ్ళు చూడకుండా ముందుకాళ్ళ నడక ఎందుకు అర్థం కాదో చెప్పింది. ఎవరూ అడ్డు తగలలేదు, ఎవరూ వినలేదు. చివరికి ఉండబట్టలేక, "నడుము దగ్గర విడదీస్తే ఇది చచ్చిపోతుంది సార్," అనేసింది.

చక్రపాణి గారు గంభీరంగా తలెత్తారు. "ఇది ఇదివరకే మరణించినట్టు మీ అటెండరే నివేదించాడమ్మా. మినిట్స్‌లో ఉంది."

లెక్క తల నుంచి మొదలుపెట్టారు. పుర్రె, మెడ, వీపు, పక్కటెముకలు, ముందుకాళ్ళు కలుపుకుంటూ పోతే అరవై పాళ్ళు తుంటి దగ్గర పూర్తయ్యాయి. మిగిలిన నలభైలో వెనక కాళ్ళూ, తోకా వచ్చాయి.

జలంధర్ బల్ల గుద్దాడు. "కొత్త జిల్లా అని మాకు తోకిస్తరా?"

"తోక అనకండి," అన్నారు చక్రపాణి గారు. "పశ్చాద్భాగ ప్రాధాన్య వాటా అనండి. పైగా ఈ జంతువులో అన్నిటికంటే పెద్ద ఎముక తొడ ఎముక. అది తమరి జిల్లాకే సంక్రమిస్తున్నది."

జలంధర్ శాంతించాడు. "గట్లనా? అయితే పెద్దది మాదే అని పేపర్ల రాయాలె."

రాయించారు. మర్నాడు రెండు జిల్లాల పత్రికా ప్రతినిధులకూ లడ్డూలు పంచారు.

ఎముకలు విప్పిన రోజు ప్రమోదినే తోక ఎముకలను ఒక్కొక్కటిగా గోనెగుడ్డల్లో చుట్టింది. తొడ ఎముకను లారీలోకి ఎక్కించేటప్పుడు కూలీలు దాన్ని నీళ్ళ పైపులా విసరబోతే అరిచింది. చివరికి ఇంటినుంచి పరుపు తెప్పించి, లారీలో పరిపించి, ఎముక పక్కనే కూర్చుని వాగు దాకా వెళ్ళింది. వంతెన దగ్గర ఆమెను దించేశారు. వంతెన అవతల ఆమెకు అధికార పరిధి లేదట. లారీ వెళ్ళిపోయాక ఆ వంతెన మీద చాలాసేపు నిలబడి, ఇంటికి వెళ్ళి, ఆ రాత్రి వట్టి మంచం మీదే పడుకుంది. పరుపు వాగునూరు ఆస్తుల్లో చేరిపోయింది.

కథ అక్కడితో ముగిసినా బాగుండేది. కానీ సగం జంతువుతో ఏ జిల్లాకూ పరువు దక్కలేదు. తల లేని జంతువును చూసి వాగునూరు జనం భయపడ్డారు. నడుము తర్వాత గోడ కనిపించే జంతువును చూసి మైలగుట్ట జనం నవ్వారు. "ఎవరి వాటాను వారు అభివృద్ధి పరచుకొనవచ్చును" అని చక్రపాణి గారు వెసులుబాటు ఇచ్చారు.

వాగునూరు వాళ్ళు ఊళ్ళో విగ్రహాలు చేసే శిల్పికి పని అప్పజెప్పారు. ఆయన ఇనుప చువ్వలు కట్టి, సిమెంటు మెత్తి, ముందు సగం నిలబెట్టాడు. రాక్షసబల్లి అన్నారు కదా అని రాక్షసుడికి ఉండవలసినవన్నీ పెట్టాడు: గుడ్లురిమే కళ్ళు, మెలితిరిగిన కోరలు, బయటికి వేలాడే ఎర్రటి నాలుక. కళ్ళలో బల్బులు కూడా బిగించాడు. మైలగుట్ట వాళ్ళు గుడి ముందర నందిని చెక్కిన ఆసామిని పిలిచారు. అతను తనకు వచ్చిన వెనక భాగమే చేశాడు. మూపురం ఒక్కటి మానేశాడు. తోకకు కుచ్చు మాత్రం పెట్టాడు.

పిల్లలు మళ్ళీ రావడం మొదలుపెట్టారు. చదును తల జంతువు దగ్గర పాకారు. హాల్లోకి వచ్చారు. ఈసారి నిశ్శబ్దం రాలేదు, గుసగుసలు వచ్చాయి.

"మేడం, ఇది ముందునుంచి బల్లి, ఎనకనుంచి ఎద్దా?" అని ఒక పిల్ల అడిగింది.

"కాదమ్మా. వెనకది సిమెంటు."

"వాగునూర్ల ఉన్నదానికి కోరలున్నయి మేడం. మా మామ సూపెట్టిండు. ఆకులు తినేదానికి కోరలెందుకు?"

"అవి దానివి కావమ్మా."

"మరి ఎవరివి?"

పరీక్షలో ఆ పిల్లలు రాక్షసబల్లి వెనక భాగంలో ఎద్దుగానూ, ముందు భాగంలో కోరల రాక్షసుడిగానూ ఉండునని రాశారు. ప్రభుత్వ ప్రదర్శనశాలలో ఉన్నదే రాశారు కాబట్టి పూర్తి మార్కులు వేశారు.

అదే నెలలో చక్రపాణి గారు మొట్టమొదటిసారి నవ్వు ముఖంతో ప్రదర్శనశాలకు వచ్చారు.

"అభినందనలమ్మా. మన పేరు రాష్ట్రస్థాయి పురస్కారానికి సిఫారసు అయింది. అంతరించిపోతున్న జీవుల సంఖ్య ఒకటీ అరా పెంచినవారు ఉన్నారు. పూర్తిగా అంతరించిపోయిన జీవి సంఖ్యను రెట్టింపు చేసినవారు ఇంతవరకూ లేరు. విభజనకు పూర్వం ఒకటి, విభజన తదుపరి రెండు!"

ప్రమోదిని ఆయనవైపు చూసింది. ఆయన ఎగతాళి చేయడం లేదు. నిజంగానే సంతోషంగా ఉన్నారు. ఇన్ని నెలలుగా తాను ఈయనతో ఎముకల గురించి మాట్లాడుతూ వచ్చింది. ఆయన చెవికి ఆ మాటలు ఎన్నడూ ఎక్కలేదు. ఒక్కసారి మాత్రం, పంచిన టీ కప్పుల్లో పగిలిన కప్పు గురించి ఎవరో "ఆడిట్ వాళ్ళు అడుగుతారేమో" అన్నప్పుడు, ఈయన నడుస్తున్నవారు ఠక్కున ఆగిపోయారు. ఆ సంగతి ఆమెకు ఇప్పుడు గుర్తుకొచ్చింది.

"సంతోషం సార్," అంది. "ఒక్క సందేహం. పురస్కారం వస్తే ఆడిట్ తనిఖీ కూడా వస్తుంది కదా?"

చక్రపాణి గారి నవ్వు సగంలో ఆగింది. "వస్తే ఏం?"

"ఏం లేదు సార్. ఎముకలు రాయిగా మారినవి కదా. రాతి ఆస్తి వేరే తరగతి, సిమెంటు ఆస్తి వేరే తరగతి. రెండు తరగతులను ఒకే వస్తువులో కలపవచ్చునని ఉత్తర్వులో ఎక్కడా కనిపించలేదు. ఇక్కడ అరవై పాళ్ళు రాయి, నలభై పాళ్ళు సిమెంటు. అక్కడ నలభై రాయి, అరవై సిమెంటు. తరగతుల సంకరం అంటారేమోనని…"

'తరగతుల సంకరం' అన్న మాట ఆమె అప్పటికప్పుడు పుట్టించింది. చక్రపాణి గారు దాన్ని ఎన్నో ఏళ్ళుగా ఎరిగినట్టు ఉలిక్కిపడ్డారు. కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. మంచినీళ్ళు అడిగారు. ఆ ప్రదర్శనశాలలో ఆయన పుచ్చుకున్న మొదటి వస్తువు అదే.

"తరుణోపాయం?"

"రాయిని రాయితో, సిమెంటును సిమెంటుతో చేర్చడమే సార్. ఒక పూర్తి రాతి జంతువు, ఒక పూర్తి సిమెంటు జంతువు. జిల్లాకు ఒకటి."

"జంతువులు రెండే ఉంటాయి కదా? సంఖ్య తగ్గదు కదా?"

"తగ్గదు సార్."

ఆయన తేలికగా ఊపిరి పీల్చుకున్నారు. ప్రమోదిని మాత్రం ఊపిరి బిగబట్టింది. పూర్తి రాతి జంతువు ఏ జిల్లాకు పోతుందో ఆమెకు తెలియదు. మైలగుట్టకు దక్కకపోయినా సరే, వాగునూరులోనైనా ఒక్కచోట నిలబడితే చాలుననుకుంది.

సమావేశం మళ్ళీ కూడింది. విషయం విన్నాక ఇద్దరూ ఒకేసారి లేచారు.

"సిమెంటుది మాకే!" అన్నాడు జలంధర్.

"సిమెంటుది మాకే!" అన్నాడు భూమారావు.

ప్రమోదిని తన చెవులను నమ్మలేదు.

"తల మాది, కోరలు మావి, లైట్లు మావి," అన్నాడు జలంధర్. "కండ్లు ఎలుగుతుంటే పిలగాండ్లు ఎట్ల ఉరుకొస్తున్నరో సూసిన్రా?"

"కాళ్ళు మావి, కుచ్చుతోక మాది," అన్నాడు భూమారావు. "రంగులేసింది మొన్ననే. గా పాత బొక్కలు ఎవనికి గావాలె? ముట్టుకుంటే దుమ్ము. కోర పన్ను ఒక్కటి లేకపాయె."

ఒకరు తగ్గితే ఇంకొకరు గెలిచినట్టు కాబట్టి ఎవరూ తగ్గలేదు. సాయంత్రానికి మైలగుట్ట చౌరస్తాలో రాస్తారోకో మొదలైంది. "పాత బొక్కలు మాకొద్దు, సిమెంటు బల్లి మాదే" అని నినాదాలు చేశారు. వాగునూరులో దుకాణాలు మూయించారు. చక్రపాణి గారు రెండు జిల్లాల పెద్దల సమక్షంలో చీటీలు తీయించారు. సిమెంటు జంతువు వాగునూరుకు పడింది.

జలంధర్‌ను జనం భుజాల మీద ఎత్తుకున్నారు. భూమారావు కుర్చీలో కూలబడి, "మాకు అన్యాయం జరిగింది మేడం," అన్నాడు. కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. ప్రమోదిని తల వంచుకుని, ముఖం వీలైనంత దిగులుగా పెట్టి, "ఏం చేస్తాం సార్, మన రాత," అంది. ఆ మాట అనేటప్పుడు పెదవి కొరుక్కోవలసి వచ్చింది.

తోకా, తొడ ఎముకా వంతెన దాటి వెనక్కి వచ్చాయి. పరుపు రాలేదు. అది వాగునూరు ప్రణాళికాధికారి గారి విశ్రాంతి గదిలో ఉందని ఓదెలు చెప్పాడు. ప్రమోదిని పోతేపోనిమ్మంది.

మళ్ళీ నిలబెట్టడానికి వానాకాలమంతా పట్టింది. వెన్నుపూసల్లో ఒకటి దారిలో నెర్రె విచ్చింది. దాన్ని జిగురుతో అతికి, ఆరేదాకా ఆమె, ఓదెలు వంతులేసుకుని చేతులతో పట్టుకున్నారు. తోక చివర ముక్కలు ఒకటి రెండు దొరకనే లేదు. మిగిలినవన్నీ తమ తమ చోట్ల కూర్చున్నాయి. భూమారావు అటువైపు తిరిగి చూడలేదు. ప్రారంభోత్సవం జరగలేదు, రిబ్బను కట్టలేదు. ఒక గురువారం పూట తలుపులు తీశారు, పిల్లలు వచ్చారు. పొట్టమీద పాకి, బట్టలు దులుపుకుని, హాల్లోకి వచ్చి తలలెత్తారు. ప్రమోదిని గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. హాల్లో చడీచప్పుడూ లేదు.

వాగునూరులో పురస్కార సభ ఘనంగా జరిగిందని తర్వాత పేపర్లో చదివింది.

చక్రపాణి గారికి ఇంకో జిల్లాను విభజించే బాధ్యత వచ్చింది. వెళ్ళబోయే ముందు వీడ్కోలు చెప్పడానికి ప్రదర్శనశాలకు వచ్చారు. అప్పుడు అక్కడ పిల్లలు లేరు. ఆయన చెక్కపలక చదివారు. తర్వాత ఎందుకో తల ఎత్తారు. మెడ ఎముకల వెంట ఆయన చూపు పైకి పైకి పోయి, దూలాల కింద ఉన్న చిన్న తల దగ్గర ఆగింది. టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు.

"ఇంత పెద్దదా అమ్మా ఇది?"

"అవును సార్."

"ఇంత ఒంటికి గడ్డి ఎక్కడ సరిపోయేది?"

ఆయన జంతువు గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. ప్రమోదినికి ఆయన మీద ఉన్న కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. పిల్లలకు చెప్పినట్టే దగ్గరికి వచ్చి చెప్పింది.

"అప్పటికి భూమ్మీద గడ్డే పుట్టలేదు సార్. చెట్ల ఆకులు తినేది. ఇప్పుడు వాగు ఉన్న ప్రాంతమంతా అప్పుడు అడవే."

చక్రపాణి గారు తల ఊపారు. ఆయన కళ్ళలో పిల్లల కళ్ళలో కనిపించే మెరుపు ఒకటి కనిపించింది. అది ఎంతోసేపు నిలవలేదు. పాత అలవాటు మళ్ళీ నుదుటిమీదికి వచ్చి, కనుబొమలు ముడిపడ్డాయి.

"వాగుకు ఏ వైపు చెట్లవమ్మా?"

ప్రమోదిని ఆ పొడుగాటి మెడవైపు చూసింది.

"ఉన్నచోటు నుంచి కదలకుండానే రెండు వైపులవీ తినేది సార్."

చక్రపాణి గారు టోపీ పెట్టుకున్నారు. "ఉత్తర్వులు లేని కాలం," అన్నారు నిట్టూర్చి. అది కోపమో, అసూయో ఆమెకు తెలియలేదు.